లెక్క తేల్చండి: ఎన్‌బీఏ అభిమానుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) గురించి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే గొడవ చుట్టూ తిరిగాయి. ఎవరు విలువైన ఆటగాడు, ఎవరికి ఇచ్చిన డబ్బు దండగ, మీడియా మాట ఎంతవరకు పట్టించుకోవాలి? అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్ర: ఒక గార్డ్ (బంతి నడిపే ఆటగాడు) ఆటకి సగటున 25 పాయింట్లు చేస్తాడు, ఇంకొకడు 18 చేస్తాడు. 25 చేసేవాడే గొప్ప అని నేనంటాను, కాదని నా స్నేహితుడు. ఎవరిది రైటు?

జ: పాయింట్ల సంగతి తర్వాత. వాటి కోసం జట్టు ఎన్ని అవకాశాలు ఖర్చుపెట్టిందో ముందు చూడండి. ఒక ఆటలో ఒక్కో జట్టుకు దాదాపు 100 పొజెషన్లు (బంతి చేతికొచ్చే అవకాశాలు) దక్కుతాయి. ఒకడు ఎక్కువ తింటే మిగతావాళ్లకు అంత తగ్గుతుంది.

దీన్ని కొలిచే పద్ధతిని ట్రూ షూటింగ్ అంటారు. చేత్తోనే వేసుకోవచ్చు. ఆటగాడు వేసిన షాట్ల సంఖ్యకు, అతని ఫ్రీ త్రోల (ఫౌల్‌కి బదులు దొరికే ఉచిత షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి కలపండి. వచ్చినదాన్ని రెండింతలు చేసి, దానితో పాయింట్లను భాగించండి. మీ 25 పాయింట్ల మనిషి 22 షాట్లు, 5 ఫ్రీ త్రోలు వాడాడనుకుందాం. 22కి 2.2 కలిపితే 24.2, రెండింతలు 48.4. పాతికని దానితో భాగిస్తే 51.7 శాతం. 18 పాయింట్లవాడు 12 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో ఆ పని ముగించాడనుకోండి. అతనిది 65.4 శాతం. ఈమధ్య లీగ్ సగటు 57, 58 శాతం దగ్గర ఉంటోంది.

ఇప్పుడు అసలు తేడా చూడండి. రెండోవాడు వాడింది సుమారు 13.8 అవకాశాలే, అంటే జట్టుకు ఇంకా పది పైచిలుకు మిగిలాయి. మిగతావాళ్లు వాటిని లీగ్ సగటున వాడుకున్నా 12 పాయింట్లు వస్తాయి. 18కి 12 కలిపితే 30. అవే అవకాశాలతో మొదటివాడు తెచ్చింది 25.

0.44 ఎందుకని అడుగుతారేమో. రెండు ఫ్రీ త్రోలకు ఒక పొజెషన్ చొప్పున చూస్తే 0.5 ఉండాలి. కానీ షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఫ్రీ త్రోకి, టెక్నికల్ ఫౌల్‌కి పొజెషన్ ఖర్చవదు. త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేస్తుండగా ఫౌలయితే ఒక్క పొజెషన్‌కే మూడు ఫ్రీ త్రోలు వస్తాయి. అన్నీ సర్దితే 0.44 దగ్గర తేలుతుంది.

ఇంతటితో మీ స్నేహితుడు గెలిచాడని కాదు. ఆ 18 పాయింట్లవాడు మూలన నిలబడి, ఇంకెవరో డిఫెన్స్‌ని చీల్చి ఇచ్చిన పాస్ అందుకుని 22 అడుగుల త్రీలు వేసేవాడయితే, ఆ చీల్చేవాణ్ని తీసేసిన రోజున అతని 65 శాతం నిలవదు. షాట్ క్లాక్‌లో (షాట్ వేయాల్సిన గడువులో) నాలుగు సెకన్లు మిగిలినప్పుడు బంతి ఎవరి చేతికి వస్తుందో చూడండి. ఆ కష్టమైన షాట్లన్నీ మొదటివాడి ఖాతాలో పడుతుంటే అతని శాతం తగ్గడం సహజం. 2000-01లో అలెన్ ఐవర్సన్ 31.1 పాయింట్ల సగటుతో ఎమ్‌వీపీ (ఏడాది అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అతని ఫీల్డ్ గోల్ శాతం, అంటే ఫ్రీ త్రోలు కాక వేసిన షాట్లలో పడినవి, 42. ఫిలడెల్ఫియా అతని చుట్టూ ఎరిక్ స్నో, ఆరన్ మెక్కీ, సీజన్ మధ్యలో వచ్చిన డికెంబె ముటొంబో లాంటి డిఫెన్స్ మనుషుల్ని పేర్చింది. షాట్లు సృష్టించే భారం ఒక్కడిది, ఆపే భారం మిగతావాళ్లది. ఆ జట్టు ఫైనల్స్ దాకా వెళ్లింది. అదే ఐవర్సన్‌ని షాట్లు పుట్టించగల మరో ఇద్దరి పక్కన పెడితే ఆ 42 శాతాన్ని అంత తేలిగ్గా సమర్థించలేం.

ప్ర: నిన్నటి ఆటలో బెంచి మీద నుంచి వచ్చినవాడి ప్లస్-మైనస్ ప్లస్ 18. స్టార్టర్‌ది (ఆట మొదలుపెట్టేవాడిది) మైనస్ 9. అయినా కోచ్ మార్చడేం?

జ: మార్చకపోవడమే మంచిది. ప్లస్-మైనస్ అంటే ఆటగాడు కోర్టు మీద ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లిందో, వెనకబడిందో చెప్పే అంకె. ఒక ఆట ప్లస్-మైనస్‌లో ఆటగాడి ప్రతిభ కన్నా అదృష్టం పాలే ఎక్కువ.

లెక్కేసి చూద్దాం. అతను 24 నిమిషాలు ఆడాడు, ఆ సమయంలో ఎదుటి జట్టు 18 త్రీలు వేసింది. 36 శాతం చొప్పున ఆరో ఏడో పడాలి. నాలుగే పడ్డాయనుకుంటే, ఏడెనిమిది పాయింట్లు అతని ప్రమేయం లేకుండానే అతని లెక్కలో చేరినట్టు. ఖాళీగా దొరికిన త్రీ పడిందా లేదా అన్నది డిఫెండర్ చేతిలో దాదాపు ఉండదు. అసలు ఆ త్రీ వేయనివ్వకుండా ఆపడమే అతని చేతిలో ఉన్న పని. అందుకే జట్ల విశ్లేషకులు పడినవాటిని కాక, ఎదుటివాళ్లు ఎక్కడి నుంచి ఎన్ని షాట్లు వేశారో చూస్తారు.

రెండో చిక్కు జతలది. కోచ్‌లు ఆటగాళ్లను జంటలుగా దించుతారు. నికోలా యోకిచ్ కోర్టు వదిలి బెంచికి వెళ్లినప్పుడల్లా డెన్వర్ కుప్పకూలిన సీజన్లున్నాయి. ఆ అంకెలో యోకిచ్ గొప్పతనం ఎంతో, వెనక సరైన రెండో సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పెద్ద ఆటగాడు) లేకపోవడం అంత. పాపం, ఎప్పుడూ ఆ రెండో సెంటర్‌తోనే ఆడే గార్డ్‌కి ఏ తప్పూ లేకుండా మైనస్ వస్తుంది.

వాడుకునే పద్ధతి చెబుతాం. కనీసం వెయ్యి నిమిషాలు దాటేదాకా ఆ అంకె జోలికి వెళ్లకండి. దాటాక, ఇతను ఫలానా స్టార్‌తో ఉన్నప్పుడు ఎంత, ఆ స్టార్ లేనప్పుడు ఎంత అని విడదీయండి. స్టార్ లేకుండానూ ప్లస్‌లో ఉంటే అప్పుడు మాట్లాడదాం. ఆఖరి ఆరు నిమిషాల్లో, స్కోరులో పాతిక పాయింట్ల తేడా ఉండగా వచ్చిన ప్లస్‌లని పక్కన పెట్టేయండి.

ప్ర: ఏడు పాయింట్లు చేసేవాణ్ని "చాలా విలువైనవాడు" అని వ్యాఖ్యాతలు పొగుడుతుంటారు. అది ఫ్యాషనా, నిజమా?

జ: నిజమే. అలెక్స్ కరూసోనే తీసుకోండి. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) అతన్ని ఎవరూ ఎంచుకోలేదు. 2024 వేసవిలో చికాగో అతన్ని ఓక్లహోమా సిటీకి ఇచ్చి బదులుగా జాష్ గిడ్డీని తీసుకుంది. 2024-25లో అతని సగటు 7 పాయింట్లు. ఆ సీజన్ ప్లేఆఫ్స్ (కప్పు కోసం చివర్లో జరిగే పోటీలు) రెండో రౌండ్ ఏడో ఆటలో ఓక్లహోమా కోచ్ ఈ 6 అడుగుల 5 అంగుళాల గార్డ్‌ని 6 అడుగుల 11 అంగుళాల యోకిచ్ మీదికి పంపాడు. కరూసో ముందు నిలబడి పాస్ అందకుండా అడ్డం పడ్డాడు, వెనక నుంచి పొడుగాటి సహచరుడు రింగ్ కాపాడాడు. ఓక్లహోమా 125-93తో గెలిచింది, తర్వాత కప్పూ కొట్టింది.

అలాంటివాడి విలువ ఎక్కడుందో చూడాలంటే బంతిని వదిలేసి అతన్నే చూడండి. స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ఎదుటి ఆటగాడు) వచ్చినప్పుడు తన మనిషి వెంట ఉంటాడా, స్విచ్ అవుతాడా, అంటే కాపలా కాసే మనిషిని సహచరుడితో మార్చుకుంటాడా? స్విచ్ అయ్యాక తనకన్నా పెద్దవాడి ముందు కాళ్లు నిలుస్తాయా? రెండో వైపు నుంచి సాయానికి వెళ్లి మళ్లీ తన మూలకు సమయానికి చేరతాడా? డ్రేమండ్ గ్రీన్ 2016-17లో చేసింది 10.2 పాయింట్లే, ఆ ఏడాది ఉత్తమ డిఫెండర్ అతనే. 2012 డ్రాఫ్ట్‌లో 35వ మనిషి.

ఒక షరతు ఉంది. ఇలాంటివాడు త్రీ వేయలేనివాడయితే ఎదుటి జట్టు అతన్ని ఖాళీగా వదిలేసి మిగతా నలుగురి మీద ఐదుగురితో పడుతుంది. మామూలు సీజన్ 82 ఆటల్లో ఇది అంతగా కనిపించదు. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా ఆడేటప్పుడు మాత్రం రెండో ఆటకల్లా బయటపడుతుంది. డిఫెన్స్ గొప్పదని పొగిడే ముందు మూలలో అతని త్రీ శాతం 35 దాటిందో లేదో చూసుకోండి.

ప్ర: మామూలు ఆటగాడికి కూడా ఏడాదికి 2 కోట్ల డాలర్లు ఇస్తున్నారు. పిచ్చి ముదిరిందా?

జ: డాలర్లు మరిచిపోయి, జీతం ఆ ఏడాది సాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) ఎంత శాతమో లెక్కేయండి. 2015-16లో క్యాప్ 7 కోట్ల డాలర్లు. అప్పుడు 2 కోట్లంటే 28 శాతం పైన, స్టార్ జీతం. 2025-26లో క్యాప్ సుమారు 15.46 కోట్లు. అదే 2 కోట్లు 13 శాతం, బెంచి మీద నుంచి మొదట వచ్చే ఆరో మనిషి జీతం.

ఈ 13 శాతానికి ఒక ముచ్చట ఉంది. 2016-17లో స్టెఫెన్ కర్రీ జీతం 1.21 కోట్లు, క్యాప్ 9.41 కోట్లు. అదీ 13 శాతమే! చీలమండ గాయాల భయంతో 2012లో నాలుగేళ్లకు 4.4 కోట్లకు కుదిరిన ఒప్పందం అది. 2016-17 నాటికి అతను వరసగా రెండుసార్లు ఎమ్‌వీపీ. దానికి తోడు కొత్త టీవీ సొమ్ముతో క్యాప్ ఒక్క ఏడాదిలోనే 7 నుంచి 9.41 కోట్లకు ఎగబాకింది. గోల్డెన్ స్టేట్‌లో కెవిన్ డ్యురాంట్‌కి చోటు దొరికింది అలాగే. ఇప్పుడు అలాంటి గెంతు కుదరదు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం క్యాప్ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు.

కాబట్టి "ఇతని విలువ ఎంత" అన్నప్పుడు రెండు ప్రశ్నలున్నాయి. ఆట ఎంత, ఆ ఆటకి జట్టు చెల్లిస్తున్న శాతం ఎంత. గరిష్ఠ జీతం అందుకునే స్టార్ ఎంత బాగా ఆడినా జట్టుకు మిగిలేది పెద్దగా ఉండదు, అతి గొప్పవాళ్ల విషయంలో తప్ప. వాళ్లకు నిబంధన అడ్డు లేకపోతే ఇంకా ఎక్కువే ఇచ్చేవారు కదా! రూకీ ఒప్పందంలో (లీగ్‌కి కొత్తగా వచ్చినవాడి మొదటి ఒప్పందంలో) ఉన్న మంచి ఆటగాడే చవక సరుకు.

ప్ర: ఎమ్‌వీపీ ఓటింగ్ అంతా మీడియా అల్లిన కథల మీదే నడుస్తుందంటారు. ఓట్లు ఎలా లెక్కేస్తారు?

జ: వంద మంది పాత్రికేయులు, ప్రసారకులు ఓటేస్తారు. జట్ల సొంత ఉద్యోగులుండరు. ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాయాలి. వాటికి 10, 7, 5, 3, 1 పాయింట్లు. ప్లేఆఫ్స్ మొదలవకముందే ఓటేస్తారు కాబట్టి ప్లేఆఫ్స్‌లో ఏం జరిగినా దానికి సంబంధం లేదు. ఓట్లన్నీ తర్వాత పేర్లతో సహా బయటపెడతారు.

2024-25 ఫలితం చూస్తే ఆ లెక్క ఎంత చెబుతుందో తెలుస్తుంది. షే గిల్జస్-అలెగ్జాండర్‌కి 71 మొదటి ఓట్లు, యోకిచ్‌కి 29. మొత్తం 913, 787. గుణించి చూడండి. 71 పదులు, 29 ఏడులు కలిపితే సరిగ్గా 913. అంటే వంద మందిలో ఏ ఒక్కరూ ఈ ఇద్దరినీ మొదటి రెండు స్థానాల నుంచి కిందికి దించలేదు. అభిమానులు అంత తిట్టుకున్న సీజన్‌లోనూ ఓటర్ల మధ్య తేడా ఒక్క గీతే.

కథల మాట కూడా అబద్ధం కాదు. 1992-93లో చార్లెస్ బార్క్‌లీకి, 1996-97లో కార్ల్ మలోన్‌కి ఇచ్చారు. ఆ రెండేళ్లూ కప్పు మైకెల్ జోర్డన్ జట్టుదే. ఒకే మనిషికి మళ్లీ మళ్లీ ఇవ్వడంలో విసుగు ఓటర్లకు ఎప్పుడూ ఉంది. 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ సగటున ట్రిపుల్ డబుల్ చేశాడు, అంటే పాయింట్లు, రీబౌండ్లు (పడని షాట్ల తర్వాత పట్టిన బంతులు), అసిస్ట్‌లు (పాయింట్లకు దారితీసిన పాస్‌లు) మూడూ పది దాటాయి. అతని జట్టు గెలిచినవి 47 ఆటలే, అయినా 31.6, 10.7, 10.4 అనే ఆ మూడు అంకెల ముందు మిగతా వాదనలు నిలవలేదు. ఆ రీబౌండ్లలో చాలావాటికి పోటీ లేదని, సెంటర్లు పక్కకి జరిగి అతనికి వదిలారని అప్పుడే కొందరు మొత్తుకున్నారు. మా మటుకు అది సగం నిజం. రీబౌండ్ పట్టిన గార్డే పరిగెత్తితే దాడి ఒక పాస్ ముందే మొదలవుతుంది, అందులో లాభముంది.

1980-81కి ముందు ఈ ఓటు ఆటగాళ్లదే. అప్పుడు గొడవలు లేవనుకోకండి.

ప్ర: పాత్రికేయుల ఓటు వల్ల ఆటగాడి జీతం మారుతుందంటే నమ్మలేకపోతున్నాను.

జ: కోట్లలో మారుతుంది. గరిష్ఠ జీతం సర్వీసును బట్టి ఉంటుంది. ఆరేళ్ల లోపు క్యాప్‌లో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లకు 30, పదేళ్లు దాటితే 35. ఆల్-ఎన్‌బీఏ జట్టులో (ఏడాది ఉత్తమ ఆటగాళ్లతో ప్రకటించే మూడు జట్లలో ఒకదానిలో) చోటు, ఎమ్‌వీపీ, ఉత్తమ డిఫెండర్ అవార్డుల్లో ఏదైనా నిర్ణీత సమయంలో వస్తే ఒక మెట్టు ముందే ఎక్కొచ్చు. ఆ మూడూ మీడియా ఓట్లతోనే తేలతాయి.

2021లో జేసన్ టేటమ్ ఆల్-ఎన్‌బీఏ జట్లలో లేడు. దాంతో 30 శాతానికి వెళ్లాల్సిన ఒప్పందం 25 దగ్గరే ఆగింది. ఐదేళ్లలో పోయింది సుమారు 3.3 కోట్ల డాలర్లు. టైరీస్ హాలిబర్టన్‌ది ఎదురు కథ. 2023-24లో మూడో జట్టులో చోటు దక్కి దాదాపు 4 కోట్లు అదనంగా వచ్చాయి. కానీ ఆ సీజన్ నుంచే, కనీసం 65 ఆటలు ఆడితేనే ఈ అవార్డులకు అర్హత అనే నిబంధన మొదలైంది. తొడ కండరం గాయం నుంచి తొందరగా తిరిగొచ్చి, నిమిషాల పరిమితితో ఆడి 69 ఆటలు పూర్తిచేశాడు. ఆ నిబంధన మీద తన అసంతృప్తిని అతను దాచుకోలేదు.

నిబంధన వివరం చాలామంది తప్పుగా చెబుతున్నారు. ఆటలో 20 నిమిషాలైనా కోర్టు మీద ఉంటేనే ఒకటిగా లెక్క. రెండు ఆటలకు మాత్రం 15 నిమిషాలు చాలు. సీజన్ ముగించేసే గాయం తగిలితే 62 ఆటలతోనూ అర్హత రావచ్చు, గాయానికి ముందు జట్టు ఆడిన వాటిలో 85 శాతం ఆడి ఉంటే. రూకీ అవార్డుకి, ఆరో మనిషి అవార్డుకి ఇది వర్తించదు. 2023-24లో జోయెల్ ఎంబీడ్ 34.7 పాయింట్ల సగటుతో ఉండి కూడా 39 ఆటల దగ్గర ఆగిపోవడంతో పోటీలోనే లేకుండా పోయాడు.

ఇది సబబేనా అంటే, కాదనే మా అభిప్రాయం. జీతాన్ని ఓటుకు ముడిపెట్టింది మాత్రం పాత్రికేయులు కాదు. లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి సంతకం పెట్టిన ఒప్పందం అది. ఆటగాళ్లకే ఓటిస్తే సరి అనేవాళ్లు 2017 నుంచి ఆల్-స్టార్ (ఏటా స్టార్లంతా ఆడే ప్రదర్శన ఆట) ఎంపికలో ఆటగాళ్ల ఓట్లు చూడండి. బెంచి దిగని సహచరులకూ పడుతుంటాయి.

ప్ర: నా జట్టు 15వ స్థానం ఖాళీగా ఉంచింది. మంచి కుర్రాళ్లు బయట తిరుగుతుంటే ఇదేం పిసినారితనం? అసలు చివరి ముగ్గుర్ని ఎలా ఎంచుకుంటారు?

జ: ముందు నిమిషాల లెక్క. ఐదుగురు, 48 నిమిషాలు, మొత్తం 240. స్టార్టర్లు సగటున 34 చొప్పున ఆడితే 170 అయిపోయాయి. మిగిలిన 70 నిమిషాలు నలుగురికి సరిపోతాయి. ప్లేఆఫ్స్‌లో స్టార్టర్లు 40కి చేరతారు, బెంచికి 40 మిగులుతాయి, ఇద్దరు ముగ్గురితో పని జరిగిపోతుంది. కాబట్టి పదోవాడి నుంచి అంతా గాయాల కోసం ఉంచుకున్నవాళ్లే.

అందుకే 10 నుంచి 12 వరకు "ఎవరు బాగా ఆడతారు" అని కాక "ఎవరు పడిపోతే ఎవరు రావాలి" అని చూడాలి. బంతి పట్టుకుని జట్టుని నడిపేవాడు మూడో మనిషి ఉన్నాడా? మొదటి ఇద్దరు సెంటర్లకూ ఫౌల్ చిక్కులొస్తే రింగ్ దగ్గర ఎవరు నిలబడతారు? ఎక్కువ జట్లు చేసే తప్పు ఒకే రకం ఆటగాణ్ని ముగ్గుర్ని పెట్టుకోవడం. ఆరడుగుల గార్డులు ఇద్దరు బెంచిలో ఉంటే ఇద్దర్నీ కలిపి దించలేరు, ఎదుటివాళ్లు వాళ్ల మీదికే స్క్రీన్లు తెస్తారు. త్రీ వేయలేని ఫార్వర్డ్‌ని త్రీ వేయలేని సెంటర్ పక్కన పెడితే దాడికి దారులు మూసుకుపోతాయి. ఈ జంటలు కుదరకపోతే పేపర్ మీద 12 మంది ఉన్నా వాడుకోగలిగేది తొమ్మిది మందినే.

పదమూడోవాడిగా అనుభవజ్ఞుడు, చివరి రెండింటికి కుర్రాళ్లు. ఇది మామూలు పద్ధతి. వీళ్లు కాక టూ-వే ఒప్పందాలు (ఎన్‌బీఏకీ దాని చిన్న లీగ్‌కీ మధ్య తిరిగే కుర్రాళ్లవి) మూడు ఉంటాయి. టూ-వే కుర్రాణ్ని గరిష్ఠంగా 50 ఎన్‌బీఏ ఆటలకే సిద్ధంగా పెట్టొచ్చు, ప్లేఆఫ్స్‌కి అసలు పనికిరాడు. నవంబర్‌లో అతను మెరిస్తే మీరు సంబరపడతారు, మార్చికి ఆ 50 కరిగిపోతాయి. అప్పుడు మామూలు ఒప్పందానికి మార్చాలంటే ఒక స్థానం ఖాళీగా ఉండాలి. మీ జట్టు దాచిపెట్టుకుంది అందుకే కావచ్చు.

ఇంకో కారణం పన్ను. లగ్జరీ ట్యాక్స్ గీత (జీతాల మొత్తం దాటితే పన్ను పడే పరిమితి) దాటిన జట్టుకి అనుభవజ్ఞుడి కనీస జీతం ఒక్కటే కాదు, దాని మీద రెండు మూడింతలు పన్ను కూడా పడొచ్చు. 2024-25లో ఆ కనీస జీతం క్యాప్ లెక్కలో సుమారు 21 లక్షల డాలర్లు. నిబంధన ప్రకారం 14 మంది ఉంటే చాలు. జనవరి 5 నుంచి పది రోజుల ఒప్పందాలు మొదలవుతాయి, ఒక్కో ఆటగాణ్ని ఒక జట్టు సీజన్‌లో రెండుసార్లు అలా పరీక్షించవచ్చు. గ్యారంటీ లేని ఒప్పందాలన్నీ జనవరి 10న పూర్తి గ్యారంటీ అవుతాయి. వదిలించుకోవాలంటే 7వ తేదీకే ప్రకటించాలి, వేవర్స్‌లో (వదిలిన ఆటగాణ్ని వేరే జట్టు తీసుకోగల గడువులో) 48 గంటలు గడవాలి కాబట్టి. మీ కోపాన్ని ఆ వారం దాకా దాచుకోండి. అప్పటికీ ఖాళీగానే ఉంటే తిట్టండి.

ప్ర: 2024లో కప్పు కొట్టిన బాస్టన్ ఏడాది తిరగ్గానే జట్టుని విప్పేసింది. యజమానులు డబ్బు మిగుల్చుకున్నారనే అనుకోవాలా?

జ: డబ్బుతో పాటు ఇంకోటుంది, దాని పేరు రెండో ఏప్రన్, జట్టు జీతాల మీద లీగ్ గీసిన అన్నిటికన్నా పై గీత. 2025-26లో గీతలు ఇలా ఉన్నాయి: క్యాప్ 15.46 కోట్లు, పన్ను గీత 18.79, మొదటి ఏప్రన్ 19.59, రెండో ఏప్రన్ 20.78 కోట్ల డాలర్లు. పన్ను గీత దాటితే యజమాని జేబుకే చిల్లు. రెండో ఏప్రన్ దాటితే జనరల్ మేనేజర్ చేతులు కట్టేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోలేడు. పంపినదానికన్నా ఒక్క డాలర్ ఎక్కువ జీతం తీసుకోలేడు. ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) నగదు ఇవ్వలేడు. మిడ్-లెవెల్ ఒప్పందం (క్యాప్ దాటినా కొత్తవాణ్ని తెచ్చుకునే మినహాయింపు) వాడలేడు. ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ (డ్రాఫ్ట్ మొదటి విడతలో ఆటగాణ్ని ఎంచుకునే హక్కు) ట్రేడ్‌కి పనికిరాకుండా స్తంభించిపోతుంది. ఆపై నాలుగేళ్లలో రెండుసార్లు గీత దాటితే ఆ పిక్ రౌండ్ చివరికి జారుతుంది, జట్టు ఎంత చెత్తగా ఆడినా సరే.

2025 మే నెలలో బాస్టన్ స్టార్ టేటమ్ మడమ పైన ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. మరుసటి సీజన్‌లో చాలాభాగం అతను లేడని ఆ రోజే తేలిపోయింది. జీతాలూ పన్నూ కలిపి ఖర్చు 50 కోట్ల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్తుందని అంచనాలు. స్టార్ లేని ఏడాదికి అంత పెట్టి, పైగా చేతులు కట్టేసుకోవడం ఎందుకు? జ్రూ హాలిడేని పోర్ట్‌లాండ్‌కి పంపి, ఒకే ఏడాది ఒప్పందం మిగిలిన ఆన్‌ఫెర్నీ సైమన్స్‌ని తీసుకున్నారు. హాలిడేకి ఇంకా మూడేళ్లున్నాయి. సెంటర్ క్రిస్టప్స్ పోర్జింగిస్‌ని అట్లాంటాకి పంపారు. హాలిడే ఆట తగ్గిందా అంటే కొంత తగ్గింది, కానీ అతను వెళ్లింది అందుకు కాదు. ముప్పయ్యయిదేళ్ల మనిషికి మూడేళ్ల ఒప్పందం రెండో ఏప్రన్ జట్టుకి గుదిబండ, గీత కింద ఉన్న జట్టుకి భరించగలిగిన ఖర్చు. ఒకే ఆటగాడు, ఒకే జీతం, రెండు చోట్ల రెండు విలువలు.

ప్ర: విల్ట్ చాంబర్లేన్ 50.4 పాయింట్ల సగటు ముందు ఇప్పటివాళ్లు ఎంత?

జ: 1961-62లో అతను ఆటకి సగటున 48.5 నిమిషాలు ఆడాడు, అదనపు సమయాలతో సహా. ఆటల వేగం కూడా ఇప్పటికన్నా చాలా ఎక్కువ. త్రీ పాయింట్ గీత 1979-80లో వచ్చింది, బ్లాకులూ స్టీల్సూ 1973-74 నుంచే రాస్తున్నారు. బిల్ రసెల్ ఎన్ని షాట్లు ఆపాడో ఏ పుస్తకంలోనూ లేదు. పోల్చాలనిపిస్తే అతని కాలపు సగటు ఆటగాడికన్నా అతనెంత ముందున్నాడో పోల్చండి.

ప్ర: ట్రేడ్ జరిగిన గంటలోనే మీడియాలో గ్రేడ్లు వచ్చేస్తాయి. వాటిని పట్టించుకోవచ్చా?

జ: లెక్కలు చెప్పే భాగం చదవండి, గ్రేడ్ వదిలేయండి. 2019లో క్లిప్పర్స్ పాల్ జార్జ్ కోసం గిల్జస్-అలెగ్జాండర్‌ని, గల్లినారీని, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లని, రెండు స్వాప్ హక్కుల్ని (పిక్‌లు మార్చుకునే హక్కుల్ని) ఓక్లహోమాకి ఇచ్చింది. జార్జ్ వస్తేనే కవై లెనార్డ్ వస్తాడు, కాబట్టి ఇద్దరు స్టార్ల ధర అని అప్పుడు సమర్థించారు. ఆ వాదనలో తప్పేమీ లేదు. కానీ ఆ పిక్‌లలో ఒకటి 2022లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్ అయింది, గిల్జస్-అలెగ్జాండర్ ఎమ్‌వీపీ అయ్యాడు, 2025 కప్పు ఓక్లహోమాకి వెళ్లింది. జార్జ్ అప్పటికే క్లిప్పర్స్‌ని వదిలి ఏడాదయింది.

2022లో రూడీ గొబేర్ కోసం మిన్నెసోటా నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక స్వాప్, ఐదుగురు ఆటగాళ్లను ఇచ్చినప్పుడు నవ్వనివాళ్లు లేరు. అతను 2023-24లో నాలుగోసారి ఉత్తమ డిఫెండర్ అయ్యాడు, జట్టు 2024లోనూ 2025లోనూ వెస్ట్ (పశ్చిమ విభాగం) ఫైనల్ ఆడింది. ధర ఎక్కువే, ఇప్పటికీ మేం అదే అంటాం. పనికిరాని ట్రేడ్ మాత్రం కాదు.

జేలెన్ బ్రన్సన్‌కి 2022లో న్యూయార్క్ నాలుగేళ్లకు 10.4 కోట్లు ఇస్తే, సెకండ్ రౌండ్‌లో దొరికిన పొట్టి గార్డ్‌కి అంతెందుకన్నారు. 2023-24లో 28.7 పాయింట్లతో ఎమ్‌వీపీ ఓట్లలో ఐదోవాడయ్యాడు. 2024 వేసవిలో 15.65 కోట్లకు పొడిగింపు రాశాడు. ఒక్క ఏడాది ఆగి ఉంటే ఇంకో 11 కోట్ల పైన వచ్చేవి.

గ్రేడ్ చదివేటప్పుడు మూడు విషయాలు వెతకండి. పిక్ ఏ ఏడాదిది, రక్షణ (మంచి స్థానం వస్తే ఇవ్వక్కర్లేదన్న షరతు) ఉందా అన్నది ఒకటి. ఈ ఏడాది మంచి జట్టు పిక్ అంటే 28వ మనిషి, ఆరేళ్ల తర్వాతిదయితే ఏదైనా కావచ్చు. ఒప్పందాల్లో మిగిలిన ఏళ్లు రెండోది. ఎక్కువమంది మరిచేది మూడోది, ఆటగాడు మారడం వల్ల పోయే హక్కులు. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చినప్పుడు అతను ఆ వేసవిలో సొంత జట్టు దగ్గర తీసుకోగలిగిన 35 శాతం ఒప్పందం, అంటే ఐదేళ్లకు దాదాపు 34.5 కోట్లు, చేజారింది. ఆ ముందస్తు మెట్టు డ్రాఫ్ట్ చేసిన జట్టుకో, రూకీ ఒప్పందంలో ఉండగా తెచ్చుకున్న జట్టుకో మాత్రమే వర్తిస్తుంది. కొందరికది డల్లాస్ చేసిన పొదుపులా కనిపించింది. అప్పటికి ఐదేళ్లు వరసగా ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టులో ఉన్న, ఇరవయ్యారేళ్లు నిండని మనిషి మీద అలాంటి పొదుపు మాకు అర్థం కాలేదు.

ప్ర: జూన్, జూలైలో "ఆధారాల ప్రకారం" అనే వార్తలు వెల్లువెత్తుతాయి. ఏది నమ్మాలి?

జ: క్రియాపదం చూడండి. "ఆసక్తి చూపుతోంది" అంటే ఎవరికీ ఖర్చు లేని మాట, సగం లీగ్‌కి సగం లీగ్ మీద ఆసక్తి ఉంటుంది. "చర్చలు జరిగాయి" అంటే ఫోన్ మోగింది. "అంగీకరించాడు" అని ఏళ్లు, డాలర్లు, ఆఖరి ఏడాది ఎవరి ఇష్టమన్నదీ రాస్తే ఒప్పందం నిజంగానే అక్కడ ఉందనుకోవచ్చు, ఆ వివరాలు ఏజెంట్ చెప్పకుండా రావు.

తర్వాత ఆ వార్త ఎవరికి లాభమో ఆలోచించండి. ఒక ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలవాడు) మీద నాలుగు జట్లు కన్నేశాయని వస్తే, లాభం ఏజెంట్‌ది. స్టార్ "అసంతృప్తిగా" ఉన్నాడని వస్తే అది ఆటగాడి వైపు నుంచి ఒత్తిడి కావచ్చు, అతని ధర తగ్గించాలని చూసే ఎదుటి జట్టుదీ కావచ్చు. ఆ నాలుగు జట్లలో క్యాప్ ఖాళీ ఎవరికుందో చూడండి. లేని జట్టు పేరు ఉంటే అది బేరం పెంచడానికే.

ఆఖరుగా తేదీలు. బయటి ఫ్రీ ఏజెంట్లతో మాటలు జూన్ 30 సాయంత్రం అమెరికా తూర్పు సమయం 6 గంటలకు మొదలవుతాయి, చాలా సంతకాలు జూలై 6 దాకా కుదరవు. ఆ మధ్య కాలంలో నోటి మాటకు కట్టుబడాల్సిన పనిలేదు. 2015లో డిఆండ్రే జోర్డన్ డల్లాస్‌కి మాటిచ్చి, సంతకాల వేళకు క్లిప్పర్స్‌లోనే ఉండిపోయాడు. 6 గంటల ఒకటో నిమిషానికే ఒప్పందం కుదిరిందని వార్త వస్తే ముందే మాట్లాడుకున్నారని అర్థం. బ్రన్సన్ విషయంలో అలా ముందే మాట్లాడినందుకు లీగ్ న్యూయార్క్ నుంచి 2025 సెకండ్ రౌండ్ పిక్ లాక్కుంది. దొరికిన ఆటగాడికీ పోయిన పిక్‌కీ ఉన్న తేడా చూస్తే, మిగతా జట్లు ఎందుకు భయపడవో తెలుస్తుంది.